ఆవలి గుమ్మటం సంబంధం

మాఘ శుద్ధ తదియ

గాలి జల్లెడలు మూడు మార్చాను. ఈశాన్యం మూల ఎర్రధూళి నిన్నటికంటే ఎక్కువ పట్టింది. గాలి బాగుంది, తేమ బాగుంది, మనుషులు బాగున్నారు.

పంచాయతీవారు నన్ను రాయమన్నది ఇంతే. ఈ గుమ్మటం కింద నాలుగు వందల మందికి ఊపిరి ఆడేలా చూడటం భీమశంకరం అనే నా ఉద్యోగం. ఏ రోజు సంగతి ఆ రోజు ఇందులో రాసిపెట్టడం ఆ ఉద్యోగంలో భాగం. కానీ ఇంట్లో ఇంత పెద్ద కబురు పెట్టుకుని జల్లెడల గురించి ఎవడు రాస్తాడు? పంచాయతీవారు ఎలాగూ ఇది చదవరు. చదివితే మంచి కాలక్షేపం అవుతుంది.

మా మేనకోడలు హైమ పొద్దున్నే జల్లెడల గదిలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, "మావయ్యా, నేను దావీత్‌ని చేసుకుంటాను" అంది.

దావీత్ ఆవలి గుమ్మటం కుర్రాడు. మా తాతలు కోనసీమ నుంచి ఈ కుజగ్రహం మీదికి వచ్చిన రోజుల్లోనే వాళ్ళ తాతలు ఇథియోపియా నుంచి వచ్చారు. రెండు గుమ్మటాలకీ మధ్య ఒక సొరంగం. ఉత్తరాన మంచు తవ్వి, కరిగించి, గొట్టాల్లో రెండు ఊళ్ళకీ నీళ్ళు తెచ్చే ముఠాలో వీళ్ళిద్దరూ కలిసి పని చేస్తున్నారు.

"గొట్టాలు అతకమని పంపితే మీరు చేసిన పని ఇదా?" అన్నాను. నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు. ఆ కుర్రాడంటే నాకు ముందునుంచీ ఇష్టం. మన గోదావరి యాసలో మాట్లాడతాడు, "ఆయ్" అంటాడు, ఎంత పని చెప్పినా ముఖం చిట్లించడు.

"అమ్మకి నువ్వే చెప్పాలి."

"పిల్లి మెడలో గంట నన్ను కట్టమంటావు."

"నవ్వులాట కాదు మావయ్యా. అమ్మ కాదంటే మానేస్తాను. పారిపోయే రకం కాదు నేను, అతనూ కాదు. కానీ ఇంకెవర్నీ చేసుకోను."

నెమ్మదిగా అంది. నెమ్మదిగా అన్న మాట మీద మా ఇంటి ఆడవాళ్ళు ఎలా నిలబడతారో నాకు తెలుసు కాబట్టి కొంచెం భయం వేసింది. అయినా సంతోషమే ఎక్కువ. ఆ హడావిడిలో మార్చిన జల్లెడనే మళ్ళీ మార్చాను.

మాఘ శుద్ధ చవితి

అక్కకి చెప్పాను.

మా అక్క మాణిక్యాంబ వంగమడిలో ఉంది. ఇక్కడ తేనెటీగలు లేవు. ప్రతి పువ్వుకీ మనమే కుంచెతో పుప్పొడి అద్దాలి. ఊరందరి వంగపూలకీ పెళ్ళి చేసే మనిషి, కూతురి పెళ్ళి మాట ఎత్తగానే కుంచె పక్కన పెట్టేసింది.

"ఆ నీళ్ళ గొట్టాల కుర్రాడా? వాళ్ళు కిరస్తానం వాళ్ళు కదరా."

"అవును. సిలువ వేసుకుంటాడు. మన పిల్ల బొట్టు పెట్టుకుంటుంది. ఇద్దరూ ఒకే బండిలో ఉత్తరానికి వెళ్ళొస్తున్నారు. దారిలో ఏ దేవుడూ ఏవీ అనలేదు."

"వేళాకోళం ఆడకు. రేపు పుట్టేవాడికి గోత్రం ఏవిటి? గుడికెళ్తాడా, చర్చికెళ్తాడా? ఈ గ్రహం మీద మనం నాలుగొందల మందిమి. ఒక్కొక్కరూ అటెళ్ళిపోతే మన పండగలు ఎవరు చేస్తారురా, ఈ గోడలా?"

ఆ భయం అబద్ధం కాదు. కానీ నేనూ ఊరుకునే రకం కాదు కదా.

"అక్కా, మనం ఎన్నింటికి సర్దుకోలేదు? తిథులు భూమివి, పొద్దులు ఇక్కడివి. ఇక్కడి రోజు భూమి రోజుకంటే కాస్త సాగుతుందని అప్పుడప్పుడూ ఒక తిథిని మింగేస్తున్నాం. కుజదోషం మాటేవిటని నీ పెళ్ళప్పుడు అడిగితే పంతులుగారు ఏవన్నారు? కుజుడు కాళ్ళ కింద ఉంటే ఇంక జాతకంలో ఏ ఇంట్లో ఉంటాడమ్మా అని కొట్టిపారేశారు. అప్పుడు నువ్వు నవ్వావు."

"అది గ్రహం. ఇది మనిషి."

"గ్రహానికి సర్దుకున్నవాళ్ళం మనిషికి సర్దుకోలేమా?"

అక్క కుంచె మళ్ళీ చేతిలోకి తీసుకుంది. పైకి అనని మాట ఇంకొకటి అందరి కడుపుల్లోనూ ఉంది. పక్కింటి వరలక్ష్మిగారు సాయంత్రం వచ్చి ఆ ముచ్చటా తీర్చేసింది. "పిల్లలు ఏ రంగులో పుడతారో" అంది. గోడ మీద ఉన్న మా నాన్న ఫొటో చూపించి "ఆ రంగులో" అన్నాను. ఆవిడ కాఫీ సగంలో వదిలేసి వెళ్ళిపోయింది. మా నాన్న అసలు సిసలు కోనసీమ నలుపు.

రాత్రి భోజనాల దగ్గర అక్క అంది: "సరే, పెద్దవాళ్ళని రమ్మను. మర్యాదగా వింటాను. మర్యాదగానే పంపించేస్తాను."

రమ్మంది. నాకు అది చాలు.

రథసప్తమి

జిల్లేడాకులు ఇక్కడ పెరగవు. చిక్కుడాకులు నెత్తిన పెట్టుకుని స్నానాలు చేశాం. గాలి బాగుంది. ఇంట్లో మాత్రం నిప్పుల వాన కురిసింది.

ముగ్గురు పెద్దలు వచ్చారు. ముందున్నాయన దావీత్ నాన్న, పేరు తెస్ఫాయె. పొడుగు మనిషి, తెల్లటి ఉత్తరీయం, మంచి ముఖం. అందరం చెవిబిళ్ళలు పెట్టుకున్నాం. వాళ్ళ మాట మాకు తెలుగులో, మా మాట వాళ్ళకి వాళ్ళ భాషలో వినిపిస్తుంది. చెవిబిళ్ళ మాటనైతే మారుస్తుంది గానీ మర్యాదని మార్చలేదు. ఆ సంగతి ఇవాళ తెలిసింది.

"కూర్చోండి" అంది అక్క. కూర్చోలేదు.

మంచినీళ్ళు ఇచ్చింది. చేతులు జోడించి వద్దన్నారు. కాఫీ తెచ్చింది. పండగకని దాచుకున్న గింజలు వేయించి, మర పట్టి, చిక్కగా తీసిన కాఫీ. కాఫీ పుట్టిన దేశం మనుషులు దాని వైపు చూసి, కళ్ళు తిప్పుకుని, వద్దన్నారు. అలా గుమ్మం పక్కనే నిలబడి, తల వంచి, "మీ అమ్మాయిని మా అబ్బాయికి ఇమ్మని అడగడానికి వచ్చాం" అన్నారు.

అక్క ముఖం కందగడ్డలా అయింది. "మా నీళ్ళే ముట్టనివాళ్ళకి మా పిల్లెందుకండీ? ఇవ్వను" అంది.

చిత్రం ఏమిటంటే, వాళ్ళు నొచ్చుకోలేదు. ముగ్గురూ సంతోషంగా వంగి దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

"చూశావా? మన చేతి నీళ్ళు తాగరట. ఉన్నవి ఒకే గొట్టం నీళ్ళాయె. ఎంత పొగరు." అక్క గిన్నెలు ఎత్తి కుదేస్తోంది.

అప్పుడు లోపలినుంచి హైమ వచ్చింది. "అమ్మా, అది వాళ్ళ పద్ధతి. పిల్లని అడగడానికి వచ్చినవాళ్ళు సరేనన్నదాకా కూర్చోరు, ఏవీ తాగరు. మేం అడుక్కోవడానికి వచ్చాం అని చెప్పడం అది. మొదటిసారి కాదనడం కూడా మర్యాదే. వెంటనే సరేనంటే పిల్లని వదిలించుకుంటున్నట్టు. మళ్ళీ వస్తారు. మూడుసార్లు వస్తారు."

"మూడోసారి కూడా కాదంటే?"

"ఇంక ఆ ఇంటినుంచి ఎప్పటికీ ఎవరూ అడగరు."

నేను మెల్లగా అందుకున్నాను. "అక్కా, మన నాన్న పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు సంబంధం ఖాయం అయ్యేదాకా ఎవరింట్లోనైనా అన్నం తిన్నాడా? ఆకలితో నకనకలాడుతూ తిరిగొచ్చేవాడని అమ్మ చెప్పేది."

"అది వేరు."

"ఎలా వేరు?"

"అది మనది" అంది అక్క. అనేసి తనకే నవ్వు వచ్చి, కనబడకుండా అటు తిరిగింది. నేను చూశాను.

మాఘ శుద్ధ ద్వాదశి

పొద్దున్న పంతులుగారిని పిలిపించాం. ఆయన చయనులుగారు, మంచివాడు, మాటకారి. విషయం విని కళ్ళజోడు సర్దుకున్నారు.

"దారుందమ్మా. వేరే గోత్రం వాళ్ళెవరైనా కుర్రాణ్ణి దత్తు తీసుకుంటే గోత్రం వస్తుంది. మన పేరొకటి పెడతాం. తరవాత పెళ్ళి శాస్త్రోక్తంగా జరిపించేస్తాను. ఇదివరకు జరిపించాను కూడా."

అక్క ముఖం విప్పారింది. నాకూ ఉత్సాహం వచ్చింది. ఇంకేముంది, ముడి విడిపోయింది అనుకున్నాను. తొందరపాటు నా పుట్టుకలోనే ఉంది.

సాయంత్రం తెస్ఫాయెగారు మళ్ళీ వచ్చి నిలబడ్డారు. నీళ్ళు, కాఫీ, కుర్చీ, అన్నీ వద్దన్నారు. అక్క ఈసారి కోపం తెచ్చుకోకుండా దత్తు సంగతి చెప్పింది.

ఆయన తన పేరు చెప్పి, తన తండ్రి పేరు చెప్పి, ఆయన తండ్రి పేరు, ఆ పైన, ఆ పైన, తడుముకోకుండా ఏడు తరాల పేర్లు అప్పజెప్పారు. "మా పిల్లలకి మాటలు వచ్చాక మేం నేర్పేది ఇదే. ఈ ఏడు తరాల్లో ఎక్కడ కలిసినా ఆ పిల్లని చేసుకోం. నా కొడుకు వీళ్ళందరి కొడుకు. వాణ్ణి ఇంకొకరి కొడుకుని చేసి మీ ఇంటికి పంపలేను. మీ పిల్లని మీ దేవుణ్ణి వదలమని మేం అడగటం లేదు" అన్నారు.

పంతులుగారు నోరు తెరిచి వింటున్నారు.

అక్క కళ్ళలో నీళ్ళు. "నేను ఒక్క మెట్టు దిగాను. మీరు ఒక్కటీ దిగరా? అయితే ఇవ్వలేను" అంది.

ఇది రెండోసారి. మొదటిసారిలా మర్యాదకి అన్నది కాదు. వాళ్ళకీ అర్థమైంది. బహుళ విదియకి మళ్ళీ వస్తామని మాట ఇచ్చి వెళ్ళారు గానీ, ఈసారి సంతోషంగా వెళ్ళలేదు. హైమ ముద్ద ముట్టలేదు.

వీధిలో పంతులుగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. "శంకరం, ఆయన ఏడు తరాలు చెప్పాడయ్యా. మన సపిండం లెక్కా అదే, తండ్రివైపు ఏడు తరాలదాకా చుట్టరికమే. మనవాళ్ళలో తాత పేరు దాటి చెప్పగలిగినవాడు ఒక్కడున్నాడా? పెళ్ళిలో మనం చదివేది మూడు తరాలే. ఆయన నాకు ఏడు ఇస్తున్నాడు" అన్నారు. గోత్రం తెలియనివాళ్ళకి కాశ్యప గోత్రం చెప్పడం పెద్దలనుంచీ ఉన్నదేననీ, దత్తు లేకపోయినా తాను పీటల మీద కూర్చోబెడతాననీ, అక్కకి ఆ మాట తానే చెబుతాననీ అన్నారు. ఉత్సాహంలో కండువా జారిపోతున్నా చూసుకోలేదు.

మాఘ పౌర్ణమి

బయట దుమ్ముగాలి లేచింది. జల్లెడలు పూటకొకసారి మార్చాలి. హైమ పనికి వెళ్తోంది, వస్తోంది, పలకరిస్తే పలుకుతోంది. ఏడ్చినా బాగుండేది.

అక్క తనంతట తానే జల్లెడల గదికి వచ్చింది. పంతులుగారు వచ్చి చెప్పి వెళ్ళారట. ఆవిడ ఒక జల్లెడ తీసుకుని ధూళి దులుపుతూ చాలాసేపు కూర్చుంది.

"శాస్త్రం ఒప్పుకుందిరా. నేనే ఒప్పుకోలేకపోతున్నాను."

"ఎందుకని?"

"నేను పోయాక మీ బావకీ నాకూ ఎవరు నీళ్ళొదుల్తారు?"

"హైమ. ఊళ్ళో సగం ఇళ్ళల్లో ఆడపిల్లలే వదులుతున్నారు కదా."

"అది కూడా కాదులే. అదొక్కత్తే నాకు. అక్కడికెళ్ళి వాళ్ళ మనిషైపోయి, పండక్కి చుట్టంలాగా వచ్చి కూర్చుంటుందేవోనని."

ఇన్నాళ్ళూ గోత్రం అంది, దేవుడంది, గుమ్మటం అంది. అడుగున ఉన్నది ఇదీ. "ఇప్పుడు నీ పక్కనే ఉండి మాట్లాడని పిల్ల దగ్గరగా ఉన్నట్టా, దూరంగా ఉన్నట్టా?" అన్నాను. అక్క జల్లెడ కింద పెట్టి వెళ్ళిపోయింది.

మాఘ బహుళ విదియ

జల్లెడలు రెండు పూటలా మార్చాను.

దుమ్ము ఒక గుమ్మటంనుంచి ఇంకొకదానికి పాకకుండా సొరంగం తలుపులు మూసేశారు. ఈ గాలిలో ఎవరు వస్తారులే అనుకున్నాం. మధ్యాహ్నం బయటి తలుపు గంట మోగింది. చూస్తే ముగ్గురు మనుషులు, తొడుగుల మీద అంగుళం మందాన ఎర్రధూళి. ఆవలి గుమ్మటంనుంచి బయటి దారిన నడిచి వచ్చారు. మాట ఇచ్చిన రోజు తప్పకూడదట.

లోపలికి తీసుకొచ్చాను. తెస్ఫాయెగారికి దగ్గు ఆగటం లేదు. తొడుగు విప్పేటప్పుడు దుమ్ము గొంతులోకి పోయింది. పెదవులు ఎండిపోయాయి. అయినా మా గుమ్మం పక్కన ఎప్పటి చోటనే నిలబడ్డారు. తల వంచారు. అడిగారు.

అక్క గ్లాసుతో నీళ్ళు పట్టుకుని నిలబడింది. ఆయన దగ్గుతూ ఆ గ్లాసు వైపు చూడకుండా గోడ వైపు చూస్తున్నారు. లోపల గుమ్మం దగ్గర హైమ. మూడోసారి. ఇంక నాలుగో సారి లేదు.

"అన్నయ్యగారూ" అంది అక్క.

నేను విన్నది నిజమేనా అని చెవిబిళ్ళ తీసేసి విన్నాను. పిల్లనడగ వచ్చినాయన్ని ఆడపిల్ల తల్లి అలా పిలిచిందంటే వియ్యంకుడన్నట్టే.

"అన్నయ్యగారూ, పిల్ల మీది. ముందు నీళ్ళు తాగండి."

హైమ అక్కడే చతికిలబడి ఏడ్చేసింది. నేను ఎగిరి గంతేశాను. ఇక్కడి తక్కువ బరువుకి గంతేస్తే నెత్తి కప్పుకి తగులుతుందని ఈ వయసులోనూ గుర్తుండదు నాకు.

కానీ తెస్ఫాయెగారు గ్లాసు అందుకోలేదు. తప్పు చేసిన పిల్లాడిలా నిలబడ్డారు.

"అమ్మా, ఒక మాట దాచాను. మా ఆవిడ అల్మాజ్ ఇంకా ఒప్పుకోలేదు."

చాచిన గ్లాసుని అక్క కాస్త వెనక్కి తీసుకుంది.

"మీరెలాగూ కాదంటారు, ఇంట్లో గొడవ ఎందుకని ఆగాను. మీ ఇళ్ళల్లో మేనమామ కొడుకుని చేసుకుంటారని ఆవిడ వింది. మాకు ఏడు తరాల్లో తోబుట్టువులే అందరూ. అన్నకీ మొగుడికీ తేడా తెలియని ఇంటి పిల్లని తేనంటోంది."

మా అక్క చేసుకున్నది మా సొంత మేనమామ కొడుకుని. బావ ఫొటో దండతో సహా ఆయన వెనక గోడ మీదే ఉంది.

అక్క ఫొటో వైపు చూసింది. ఆయన వైపు చూసింది. "మనకా?" అంది నాతో. "మనకి వంక పెట్టిందిరా ఆవిడ?" ఇన్నాళ్ళూ వాళ్ళని వద్దనాలా సరేననాలా అన్నదే మా గొడవ. వాళ్ళు మమ్మల్ని వద్దనవచ్చని మా గుమ్మటంలో ఒక్కరికీ తట్టలేదు.

కోపం వస్తుందనుకున్నాను. అక్క పకపకా నవ్వింది. బావ పోయాక అంతలా నవ్వడం నేను చూడలేదు.

"నీళ్ళు తాగండి అన్నయ్యగారూ, మా వైపునుంచి అడ్డం లేదు. వదినగారి దగ్గరికి నేనొస్తాను. పద్ధతేవిటో చెప్పండి. నిలబడాలి, ఏవీ ముట్టకూడదు. అంతే కదా?"

"అడగడం మగపిల్లాడి వైపువాళ్ళ పని కదమ్మా."

"ఈసారికి ఆడపిల్ల వైపు అడుగుతుంది. సర్దుకోండి."

ఆయన గ్లాసు అందుకుని, ఒక్క గుక్కలో తాగేసి, ఇంకో గ్లాసు అడిగారు.

మాఘ బహుళ చవితి

దుమ్ముగాలి తగ్గింది, సొరంగం తెరిచారు. జల్లెడలు రేపు చూస్తాను. ఒక్క రోజుకి ఎవరూ చచ్చిపోరు.

అక్క, నేను, పంతులుగారు. మూడో పెద్దగా ఎవరు వస్తారంటే ఆయనే కండువా వేసుకుని బయల్దేరారు. సొరంగం పొడుగునా అక్క నాతో రెండుసార్లు వెనక్కి వెళ్ళిపోదామంది, రెండుసార్లూ తానే ముందు నడిచింది.

అల్మాజ్‌గారు చిన్న మనిషి, చూపు సూది. కుర్చీలు వేసింది. నిలబడ్డాం. నీళ్ళిచ్చింది. వద్దన్నాం. అప్పుడు మా ఎదురుగానే నిప్పుల మీద పెనం పెట్టి పచ్చి కాఫీ గింజలు వేయించడం మొదలుపెట్టింది. ఆ వాసనకి పంతులుగారు కళ్ళు మూసుకున్నారు. నా కడుపులో పేగులు నన్ను తిడుతున్నాయి. అక్క మాత్రం కొయ్యలా నిలబడింది.

"నువ్వు మీ మేనమామ కొడుకుని చేసుకున్నావా?" అంది అల్మాజ్‌గారు సూటిగా.

"చేసుకున్నానండి. మంచివాడు. మాకది తప్పు కాదు. మీకు తప్పని మొన్నే తెలిసింది."

"మరి నీ కూతుర్ని ఎలా తెచ్చుకోమంటావు?"

"వదినగారూ, మీకు కావలసింది ఏడు తరాల్లో కలవని పిల్ల. మా తాతలదీ మీ తాతలదీ ఒక దేశం కాదు, మధ్యన సముద్రం. దేవుడు వేరు, అన్నం వేరు, రక్తం వేరు. ఈ గ్రహం మీద మీ అబ్బాయికి ఇంతకన్నా దూరపు సంబంధం ఎక్కడ దొరుకుతుందండీ?"

ఏ మాటలైతే పట్టుకుని ఇన్నాళ్ళూ వద్దందో ఆ మాటలే ఒక్కొక్కటీ తీసి ఆవిడ ముందు పెట్టింది. పంతులుగారు గొణుక్కుంటూ తల ఊపుతున్నారు. గుమ్మం పక్కన తెస్ఫాయెగారు ఊపిరి బిగబట్టారు.

అల్మాజ్‌గారు పెనం దించింది. మమ్మల్ని ముగ్గుర్నీ పైనుంచి కిందికి చూసింది.

"ఇవ్వను నా కొడుకుని" అంది.

ముగ్గురం వంగి దణ్ణం పెట్టి బయటికి వచ్చాం. సొరంగంలో సగం దూరం వచ్చేశాం. మొదటిసారి కాదనడం మర్యాద అంటారు సరే, ఆ చూపులో మర్యాద ఉందో లేదో ఎవరు చెప్పగలరు?

వెనకనుంచి పరుగెత్తుతున్న అడుగులు వినిపించాయి. దావీత్. రొప్పుతూ వచ్చి అక్క ముందు ఆగాడు.

"అత్తయ్యగారండీ, అమ్మ ఒక సంగతి అడిగి రమ్మందండి. మా రొట్టె పుల్లగా ఉంటది కదండీ. హైమ పులుపు తింటదా అని."

అక్క గోడకి చెయ్యి ఆనించుకుంది. "కోనసీమ పిల్లయ్యా. రెండుపూటలా తింటుందని చెప్పు" అంది. "ఎల్లుండి మళ్ళీ వస్తామని కూడా చెప్పు."